చూడని టోక్యో మీద ఈ బెంగ ఏమిటి? సిటీ పాప్ (70లు, 80ల జపాన్ పాటలు) వినేవాళ్లు చెప్పండి

రాత్రిబస్సు
నేను పుట్టింది 1997లో, తెనాలిలో. జపాన్ మొహం చూడలేదు, ఆ భాషలో ఒక్క ముక్క రాదు. మూడేళ్ల కిందట హైదరాబాద్ నుంచి ఊరికి రాత్రి బస్సులో వెళ్తుంటే ఫోన్‌లో ఒక పాట అయిపోయి, దానంతటదే ఇంకో పాట మొదలైంది. జపాన్ గాయని మరియా తకెయుచి పాడిన ప్లాస్టిక్ లవ్. బస్సు అప్పుడే సూర్యాపేట దాటింది. లోపల లైట్లు ఆపేశారు. అద్దానికి తల ఆనించుకుని కూర్చున్నాను. రోడ్డు పక్క దాబాల ట్యూబ్‌లైట్లు ఒక్కొక్కటే వెనక్కి పోతున్నాయి. పాట సగానికి వచ్చేసరికి గొంతులో ఏదో అడ్డం పడింది. ఎవరో దగ్గరివాళ్లు దూరమైనట్టు ఉంది. ఎవరో మాత్రం తెలియదు.

అప్పటినుంచి తత్సురో యమషితా, ఆన్రి, మికి మత్సుబారా... ఎన్ని విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా అదే బెంగ. మా రూమ్మేట్‌తో చెప్తే "అది నీ బెంగ కాదురా, యూట్యూబ్ నీకు అంటగట్టింది. నువ్వు బతకని కాలం నీకెలా గుర్తొస్తుంది?" అన్నాడు. వారం నుంచి ఆ మాట గుచ్చుతూనే ఉంది. మీలో ఎవరికైనా ఇలా జరిగిందా? జరిగితే ఎందుకంటారు?

మినపట్టు
జరిగింది. నాకు మికి మత్సుబారా పాట మయోనకా నో డోర్‌తో. 2020 చివర్లో, ఇంట్లోనే ఉద్యోగం, ఇంట్లోనే తిండి, ఫ్రెండ్స్ మొహాలు చూసి నెలలైపోయిన రోజులు. ఎవరిదో చిన్న వీడియోలో ఆ 'స్టే విత్ మీ' అన్న ముక్క వినపడింది. పాట వెతికి పట్టుకుని ఆ రాత్రి పదిసార్లు విన్నాను. అర్థం తెలియకుండానే ఏడుపొచ్చింది.

సూటిమాట
రాత్రిబస్సు, కోపగించుకోవద్దు, మీ రూమ్మేట్ మాటలో నిజం ఉంది. ఆ పాటలతో పాటు మీరు ఏం చూశారు? గులాబీ రంగు ఆకాశం, నియాన్ బోర్డులు, వాన పడిన రోడ్డు, ఖాళీ కారు. బొమ్మ చూసి పాట విన్నారు. ఇంకో సంగతి, 80ల జపాన్ అంటే డబ్బు పొర్లిన కాలం. ఆ డబ్బు కులాసా ఆ పాటల్లో వినిపిస్తుంది. మనకి పుట్టింది ఆశ. దాన్ని బెంగ అంటున్నాం.

పాటలపెట్టె
సూటిమాట గారూ, డబ్బు సంగతి దగ్గర ఆగుదాం. తేదీలు చూడండి.

షుగర్ బేబ్ అనే బ్యాండు 'సాంగ్స్' ఆల్బమ్ 1975లో వచ్చింది. అందులో తత్సురో యమషితా, తైకో ఓనుకి ఇద్దరూ ఉన్నారు. సిటీ పాప్ వేరు అక్కడుందని చాలామంది అంటారు. మయోనకా నో డోర్ 1979 నవంబరు. యమషితా రైడ్ ఆన్ టైమ్ 1980. ఎయిచి ఓతకి 'ఎ లాంగ్ వెకేషన్' 1981 మార్చి. యమషితా 'ఫర్ యూ' 1982 జనవరి. ఆన్రి 'టైమ్లీ' 1983. ప్లాస్టిక్ లవ్ ఉన్న 'వెరైటీ' ఆల్బమ్ 1984 ఏప్రిల్.

ఇప్పుడు డబ్బు పొర్లింది ఎప్పుడు? యెన్ విలువ పెంచిన ప్లాజా ఒప్పందం 1985 సెప్టెంబరు. ఆ తర్వాతే భూముల ధరలు, షేర్లు పిచ్చిగా లేచాయి. అక్కడి షేర్ల సూచీ నిక్కెయ్ 38,915 తాకింది 1989 డిసెంబరు చివర్లో. అంటే మనం ప్రాణం పెట్టి వినే పాటల్లో చాలాభాగం ఆ డబ్బు బుడగ కంటే ముందువే. అవి సంపద వచ్చాక పాడినవి కావు. ఏదో రాబోతోందని ఎదురుచూసే కాలంలో పాడినవి. ఆ తేడా నాకు చెవికి తెలుస్తుంది.

సూటిమాట
తేదీల సంగతి ఒప్పుకుంటున్నాను. నేను అన్నీ 80ల చివరివే అనుకున్నాను. యూట్యూబ్ తానే పాటలు ఎంచి వేసే ఆ అల్గారిథమ్ మనకి బెంగ అంటగట్టిందన్న మాట మాత్రం వదులుకోను.

పద్దెనిమిదోఫ్లోర్
నేను ఇటునుంచి కాదు, ద వీకెండ్ అనే గాయకుడి పాట 'అవుట్ ఆఫ్ టైమ్' నుంచి వచ్చాను, 2022లో. ఆ ట్యూన్ ఎక్కడిదా అని వెతికితే తొమొకో అరన్ 1983 పాట 'మిడ్‌నైట్ ప్రిటెండర్స్' దొరికింది. అసలు పాట విన్నాక మళ్లీ కొత్తది వినలేదు. బొమ్మలు ఏమీ చూడలేదు నేను. ఇయర్‌ఫోన్స్, చీకటి బాల్కనీ, అంతే. అయినా అదే బెంగ.

భీమిలిరోడ్
నేను మీ అందరికంటే పెద్దదాన్ని. 1984లో నాకు పద్దెనిమిదేళ్లు, విశాఖలో డిగ్రీ చదువుతున్నాను. అల్గారిథమ్ అంటున్నారు కాబట్టి అడుగుతున్నాను, మా చిన్నప్పుడు మేం పాటలు ఎంచుకుని విన్నామా? వివిధ భారతి వాళ్లు ఏది వేస్తే అదే. పక్కింటి రేడియో, సందు చివర హోటల్లో రేడియో, పెళ్లిపందిట్లో మైకు. పది చోట్ల అదే పాట. ఆ పాటలు వింటే ఇప్పుడు నాకు కళ్లు చెమరుస్తాయి. ఎవరో వేశారు కాబట్టి నా కన్నీళ్లు దొంగవి అయిపోతాయా?

పాట మన దగ్గరికి ఏ దారిన వచ్చిందన్నది ఒకటి. వచ్చాక ఉండిపోయిందా, వెళ్లిపోయిందా అన్నది ఇంకొకటి. రోజుకి వంద పాటలు వేస్తుంది కదా ఆ యూట్యూబ్, అన్నిటికీ గొంతు అడ్డం పడటం లేదుగా ఈ అబ్బాయికి.

రాత్రిబస్సు
అమ్మా, ఈ మాట స్క్రీన్‌షాట్ తీసి రూమ్మేట్‌కి పంపించేశాను.

మినపట్టు
వాడి మొహం ఫోటో కూడా పెట్టు ఇక్కడ 😄

నాలుగుతీగలు
బేస్ గిటార్ వాయిస్తాను, అందుకని చెవికి సంబంధించిన సంగతి చెప్తా. ఇంట్లో పాత క్యాసియో కీబోర్డు ఉంటే తీయండి. సి, ఈ, జి, బి నాలుగు మీటలు ఒకేసారి నొక్కండి. మన లెక్కలో శంకరాభరణంలోని స, గ, ప, ని. దీన్నే మేజర్ సెవెన్త్ అంటారు. ఇప్పుడు పై వేలు తీసేసి స, గ, ప మాత్రమే నొక్కండి. నిండుగా, వెలుతురుగా ఉంటుంది. ఈసారి కింది వేలు తీసి గ, ప, ని నొక్కండి. అది మైనర్. దిగులు. నాలుగూ కలిపినప్పుడు ఆ రెండూ ఒకే గుప్పిట్లో ఉన్నాయి. చెవి ఎటు వెళ్లాలో తేల్చుకోలేదు.

సిటీ పాప్ నిండా ఇవే. సెవెన్త్‌లు, నైన్త్‌లు. పాట గబగబా నడుస్తుంటుంది, డ్రమ్స్ డాన్స్ చేయమంటుంటాయి, కింద కార్డులు (ఇలా కలిపి నొక్కే స్వరాలు) మాత్రం సాయంత్రం ఆరున్నర వెలుతురులా ఉంటాయి. ఎండ ఉంది, పోతోంది కూడా. భాష రాకపోయినా రాత్రిబస్సుకి గొంతు పట్టేసింది అందుకే. మన 80ల ఇళయరాజా పాటలు విని పెరిగిన చెవికి ఇది మరీ సులువుగా ఎక్కుతుంది. గొంతుకి పక్కనే బేస్ గిటార్ తనదొక పాట పాడుకుంటూ పోవడం, పైన వయొలిన్ల గుంపు, మనకి కొత్త కాదు.

పాటలపెట్టె
నాలుగుతీగలు, దీనికి నా చప్పట్లు. 'ఫర్ యూ'లో మొదటి పాట స్పార్కిల్ వినండి. మొదట్లో ఆ గిటార్ యమషితా తానే టెలికాస్టర్ అనే ఎలక్ట్రిక్ గిటార్ మీద వాయించాడు. కత్తెరతో కాగితం కత్తిరించినట్టు ఉంటుంది ఒక్కో దెబ్బ.

తోజాయ్‌లైన్
టోక్యోలో నిషి-కసాయిలో ఉంటాను, తొమ్మిదేళ్లయింది. ఇక్కడ మనవాళ్లు చాలామంది, అపార్ట్‌మెంట్ లిఫ్టులో తెలుగు వినిపిస్తుంది. రెండు సంగతులు చెప్పాలి.

ఒకటి, మా ఆఫీసులో నా వయసు జపాన్ వాళ్లలో సగంమందికి ప్లాస్టిక్ లవ్ మొన్నటిదాకా తెలియదు. బయటివాళ్లు మెచ్చుకుంటున్నారని తెలిసి విన్నారు. ఒకామె మాత్రం "ఇది మా నాన్న కారులో వినిపించేది" అని చెప్పింది. చెప్తూ చెప్తూ ఆగిపోయింది, కిటికీలోంచి బయటికి చూసింది. ఇక్కడ నత్సుకషీ అని ఒక మాట ఉంది. పాతది ఎదురైనప్పుడు మనసు ఒక్కసారి వెచ్చగా అయ్యి నోటెంట వచ్చే మాట. ఆమె ఆ మాట అంది. మనకి వచ్చేది అదేనా అంటే కాదేమో. మన మాట బెంగే. బెంగలో దూరం ఉంటుంది.

రెండు, ఆ కాలాన్ని మరీ నెత్తిన పెట్టుకోకండి. ఉద్యోగంలో ఆడవాళ్లకి సమాన అవకాశం ఇవ్వాలన్న చట్టం ఇక్కడ అమల్లోకి వచ్చిందే 1986 ఏప్రిల్‌లో. పెళ్లి కాగానే ఉద్యోగం మానేయాలని ఆఫీసులు అనుకునే రోజులు. ఆ పాటల్లో అర్ధరాత్రి ఒంటరిగా కారు నడుపుకుంటూ పోయే అమ్మాయి చాలామందికి ఇష్టమైన ఊహ. వినేవాళ్లలో ఎంతమంది అలా బతికారు?

భీమిలిరోడ్
తోజాయ్‌లైన్ బాబూ, ఆ మాట బాగా చెప్పావు. నాకు 1984 నిజంగా గుర్తుంది. హాస్టల్ గేటు సాయంత్రం ఆరుకి మూసేసేవారు. వేరే ఊరికి ఫోన్ చేయాలంటే ట్రంక్ కాల్ బుక్ చేసి పోస్టాఫీసు బెంచీ మీద కూర్చోవాలి. నిన్న రాత్రి మీరంతా చెప్పుకుంటున్నారు కదా అని ఆ ప్లాస్టిక్ లవ్ విన్నాను. నా వయసు అమ్మాయి అదే ఏడాది ఇంకో ఊళ్లో ఇలా విందన్నమాట అనుకున్నాను. రాత్రిపూట బయట తిరిగే పాట. నాకు ఆ రాత్రులు లేవు. ఆరయ్యేసరికి గేటు లోపల ఉన్నాను. అందుకేనేమో రెండోసారి కూడా పెట్టుకున్నాను.

రాత్రిబస్సు
మీరు ఇది రాస్తే ఇక్కడ కాసేపు ఏమీ టైప్ చేయలేకపోయాను.

జేఎల్‌పీటీ_ఎన్3
ఆ పాట మాటలు తెలిస్తే ఇంకా పట్టుకుంటుంది. ప్రేమలో దెబ్బ తిన్న అమ్మాయి, ఇకమీదట ప్రేమని ఆటలా ఆడతాను, మనసు పెట్టను అని తనకు తాను చెప్పుకుంటుంది. రాత్రుళ్లు డాన్స్ చేస్తుంది. ట్యూన్ ఊపు మీద ఉంటుంది, లోపల మనిషి గడ్డకట్టి ఉంది.

మయోనకా నో డోర్ అంటే అర్ధరాత్రి తలుపు. అందులో నన్ను పట్టేసింది చాలా చిన్న సంగతి. అతని బూడిదరంగు జాకెట్ మీద కాఫీ మరక. ఆమెకి ఆ మరక తెలుసు, మనిషి ఏమీ మారలేదని దాన్ని చూసి అనుకుంటుంది. అంతే. విడిపోవడం గురించి ఎన్నో పాటలు విన్నాం, మరక గుర్తుపెట్టుకున్న పాట నేను వినలేదు. మాటలు రాసింది యొషికో మియురా, బాణీ తెత్సుజి హయాషి. పాడినప్పుడు మత్సుబారాకి ఇంకా ఇరవై నిండలేదు.

మినపట్టు
కాఫీ మరక! ఇన్నేళ్లుగా వింటున్నాను, ఇది తెలియదు. మా తాతగారి తెల్ల చొక్కా జేబు మీద సిరా మరక ఉండేది, ఎన్ని ఉతుకులు ఉతికినా పోయేది కాదు. మనిషి పోయాక అమ్మమ్మ ఆ చొక్కా ఒక్కటే దాచుకుంది.

మికి మత్సుబారా ఇప్పుడు ఏం చేస్తున్నారు?

జేఎల్‌పీటీ_ఎన్3
2004లో పోయారు. క్యాన్సర్. 44 ఏళ్లు. తన మొదటి పాట నలభై ఏళ్ల తర్వాత ప్రపంచమంతా మోగడం ఆమె చూడలేదు.

మినపట్టు
అయ్యో.

సూటిమాట
ఈ ముక్క నాకూ తెలియదు. బాధగా ఉంది.

నా ప్రశ్న ఇంకా ఉంది, వాదన కోసం కాదు, తెలుసుకోవాలని అడుగుతున్నాను. పాట బాగుంది, కార్డులు బాగున్నాయి, సరే. మిగతా దేశాల్లోనూ 80ల్లో మంచి పాటలు వచ్చాయి. ఇటలీ పాట విని ఎవరూ ఇటలీ మీద బెంగ పెట్టుకోవడం లేదే. జపాన్ మీదే ఎందుకు?

పాటలపెట్టె
దీని మీద నేను చాలా రోజులు ఆలోచించాను. ఓపిక ఉంటే చదవండి.

ప్లాస్టిక్ లవ్ వీడియోలో మనందరం చూసిన ఫోటో ఉంది కదా, కళ్లు పక్కకి తిప్పి నవ్వుతున్న మరియా తకెయుచి. 2017లో ఎవరో అభిమాని ఆ ఫోటో పెట్టి పాట ఎక్కించాడు, దానికే కోట్లలో వ్యూస్ వచ్చాయి. ఆ ఫోటో ఆ పాటది కాదు. 1980లో వేరే సింగిల్ కోసం అలన్ లెవెన్సన్ అనే ఫోటోగ్రాఫర్ లాస్ ఏంజిలిస్‌లో తీశాడు. మనం టోక్యో అనుకుని ఇన్నాళ్లూ చూస్తున్న ఆ నవ్వు అమెరికాలోది.

ఓతకి 'ఎ లాంగ్ వెకేషన్' అట్ట మీద హిరోషి నగాయ్ వేసిన ఈత కొలను. ఎయిజిన్ సుజుకి వేసిన 'ఫర్ యూ' అట్ట. నీలాకాశం, తాటిచెట్లలాంటి చెట్లు, తెల్ల గోడలు. ఇవి జపాన్ వీధులు కావు, కాలిఫోర్నియాని దూరం నుంచి తలుచుకుంటున్న చిత్రాలు. యమషితా చిన్నప్పటినుంచి అమెరికా రేడియో పాటల పిచ్చివాడు. ఇరుకు గదుల్లో, రద్దీ రైళ్లలో బతికే టోక్యో కుర్రాళ్లు తమకు లేని సముద్రపు ఒడ్డుని, వెడల్పాటి రోడ్డుని, నెల రోజుల సెలవుని పాటలో కట్టుకున్నారు. అంటే ఆ పాట పుట్టినప్పుడే దాని లోపల బెంగ ఉంది. చూడని చోటు మీద వాళ్లు పడ్డ బెంగే మన చెవిలో పడుతోంది. అందుకే, రాత్రిబస్సూ, నీది దొంగ బెంగ అయితే వాళ్లదీ దొంగదే. నేను మాత్రం రెండూ నిజమే అంటాను.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. ఆ 'ఎ లాంగ్ వెకేషన్' నిజానికి అంతకుముందు ఏడాది రావాల్సింది. మాటలు రాయాల్సిన తకషి మత్సుమొతోకి చెల్లెలు చనిపోయింది. రాయలేను, వేరే ఎవరినైనా చూసుకో అన్నాడు. ఓతకి వేరేవాళ్ల దగ్గరికి వెళ్లలేదు, ఆగాడు. చెల్లెలు పోయాక షిబుయా వీధుల్లో నడుస్తుంటే ఊరంతా రంగు లేకుండా కనిపించిందని మత్సుమొతో తర్వాత చెప్పాడు. ఆల్బమ్‌లో మొదటి పాట అక్కడినుంచి వచ్చింది. జ్ఞాపకానికి మళ్లీ రంగు వేయమని అడిగే పాట అది. వింటే మాత్రం పండగలా ఉంటుంది, గంటలు, తప్పట్లు, డజను వాయిద్యాలు ఒకేసారి. ఆ నీలం కొలను అట్ట ఇప్పుడు చూడండి.

నాలుగుతీగలు
ఆ పాట రెండొందల సార్లైనా విని ఉంటాను. ఇది తెలియకుండా విన్నాను. ఇప్పుడు మళ్లీ పెట్టాను. మొదట్లో వాయించేవాళ్లు శ్రుతి చూసుకుంటున్న చప్పుడు ఉంటుంది, అక్కడే ఆగిపోయాను.

తోజాయ్‌లైన్
పాటలపెట్టె గారు చెప్పిన రోడ్డు మాట మీద. యుమి అరాయ్ (ఇప్పుడు యుమి మత్సుతోయా) 1976లో చూఓ ఫ్రీవే అని ఒక పాట చేసింది. అందులో కారు పడమటి కొండలవైపు పోతుంటే కుడిపక్క గుర్రప్పందేల మైదానం, ఎడమపక్క బీరు ఫ్యాక్టరీ వస్తాయని ఉంటుంది. కవితల్లో వచ్చే సంగతులా అవి? మొన్న మా అమ్మానాన్న వస్తే ఫూజీ చూపిద్దామని షింజుకులో బస్సు ఎక్కాం, ఆ రోడ్డే. ఫుచూ దగ్గరికి వచ్చేసరికి పాట పెట్టుకుని కూర్చున్నాను. ఎడమపక్క ఫ్యాక్టరీ వచ్చింది! నిజంగానే అక్కడుంది. కుడివైపు చూసేలోపు మా నాన్న అడ్డం వచ్చి "ఆ కొండేనా ఫూజీ?" అన్నారు.

మినపట్టు
😂 నాన్నలందరూ ఒకటే

తోజాయ్‌లైన్
తిరుగు ప్రయాణంలో చూపించాను. ఆయనకి పాట కూడా వినిపించాను. "బాగుందమ్మా, ఎక్కడో విన్నట్టుంది" అన్నారు. వినే అవకాశమే లేదు.

టేపుచుట్ట
నేను ఇన్ని రోజులూ చదువుతున్నాను, ఇప్పుడు రాస్తున్నాను. "ఎక్కడో విన్నట్టుంది" అన్న మాటకి నా దగ్గర ఒక కారణం ఉంది.

మాది రాజోలు దగ్గర. నాన్న 1983 నుంచి మస్కట్‌లో ఉండేవారు. 1986లో సెలవుకి వచ్చినప్పుడు జపాన్‌లో చేసిన టూ-ఇన్-వన్ తెచ్చారు. మా వీధిలో ఐదారిళ్లలో అలాంటివే. దానితో పాటు మాక్సెల్ ఖాళీ క్యాసెట్లు పది. పైన సన్నటి ప్లాస్టిక్ కాగితం, విప్పేటప్పుడు చర్రుమని చప్పుడు, లోపల ఒక వాసన. యమషితా రైడ్ ఆన్ టైమ్ పాట మాక్సెల్ క్యాసెట్ల ప్రకటనలో వచ్చిందని నిరుడు తెలిసి అలా కూర్చుండిపోయాను. ప్రకటనలో ఆయనే ఉంటాడు, సముద్రంలో నిలబడి. ఆ పాట ఏ డబ్బాని అమ్మిందో ఆ డబ్బాలే మా అటక మీద ఉన్నాయి!

మనం టోక్యో చూడలేదు. కానీ ఆ టేపు గరగర, ఆ స్పీకర్ల గుండ్రటి బేస్, మీట నొక్కితే తలుపు నెమ్మదిగా తెరుచుకోవడం, ఎర్ర దీపం, ఇవన్నీ వాళ్లు చేసినవే, వాటిలోనే మన తెలుగు పాటలు విన్నాం. ఆ చప్పుడు మన ఇళ్లలో ఉంది. సూటిమాట గారూ, ఇటలీ కాకుండా జపాన్ ఎందుకు అన్నారు కదా, ఇది నా జవాబు.

సూటిమాట
ఒప్పుకున్నాను. పూర్తిగా. మా ఇంట్లోనూ ఉండేది, మా మేనమామ దుబాయ్ నుంచి తెచ్చాడు. ఇది నాకు తట్టనే లేదు.

పాటలపెట్టె
దీనికి ఒకటి కలుపుతాను. వాక్‌మన్ వచ్చింది 1979 జులై. మయోనకా నో డోర్ అదే ఏడాది నవంబరు. అంతకుముందు పాట గదిలో ఉండేది, ఇక్కడినుంచి మనిషితో పాటు రోడ్డు మీదికి వచ్చింది. కారు టేపు, చెవి టేపు. సిటీ పాప్ నడిచే మనిషి చెవికోసం చేసింది. రాత్రి బస్సులో అద్దానికి తల ఆనించి వినడం కంటే సరైన చోటు దానికి లేదు.

భీమిలిరోడ్
మా నాన్నగారు పోర్టులో పనిచేసేవారు. బైలడిలా కొండల ఇనుప ఖనిజం కిరండూల్ నుంచి రైల్లో వచ్చేది, మా రేవులో ఓడలకి ఎక్కించేవారు. ఆ లైను వేసిందే జపాన్‌కి ఖనిజం పంపడానికి. ఆయన చొక్కాలన్నీ ఎర్రదుమ్ము రంగు. మా అమ్మ విడిగా నానబెట్టేది. ఆ ఇనుమే అక్కడ ఉక్కయ్యింది. మీరంతా చెప్పే ఆ కార్లలో, ఆ వంతెనల్లో మా నాన్నగారు ఎక్కించిన మట్టి కొంతైనా ఉండకపోదు. ఇవాళ పొద్దున్న బీచ్‌లో నడుస్తూ ఇదే అనుకున్నాను.

రాత్రిబస్సు
భీమిలిరోడ్ గారూ, నేను అడిగిన ప్రశ్న కంటే మీరు చాలా దూరం తీసుకెళ్లారు.

పద్దెనిమిదోఫ్లోర్
టేపుచుట్ట అన్నా, ఆ టూ-ఇన్-వన్ ఇంకా ఉందా? పనిచేస్తుందా?

టేపుచుట్ట
ఉంది. రేడియో పాడుతుంది. టేపు తిరగడం మానేసి పాతికేళ్లు. మోటారు చప్పుడు వస్తుంది, చక్రాలు కదలవు.

నాలుగుతీగలు
మోటారు తిరుగుతోందంటే బెల్టు పోయిందంతే. వెనక స్క్రూలు తీయండి. పాత రబ్బరు కరిగి తారులా అంటుకుని ఉంటుంది, చేత్తో ముట్టుకోకండి, వారం పోదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, చెవి పుల్లలు తీసుకుని పుల్లీలన్నీ తుడవండి. తర్వాత దారం ఒకటి పుల్లీల చుట్టూ బెల్టు వెళ్లే దారిలో తిప్పి, ఆ పొడవు కొలవండి. దానికంటే కాస్త తక్కువ చుట్టుకొలత ఉన్న బెల్టు కావాలి, బిగుతుగా ఉండాలి కదా. హైదరాబాద్ వస్తే కోఠి గుజరాతీ గల్లీలో అడగండి. టేపుకి తగిలి పాట చదివే హెడ్ కూడా ఆల్కహాల్‌తో తుడిచాకే క్యాసెట్ పెట్టండి.

పాటలపెట్టె
పాత క్యాసెట్ పెట్టేముందు ఒకసారి ఆ చివరినుంచి ఈ చివరిదాకా పెన్సిల్‌తో తిప్పండి. ఏళ్ల తరబడి కదలని టేపు పొరలు అంటుకుని ఉంటాయి, ఒక్కసారిగా లాగితే తెగుతుంది. యమషితా పాటలు స్ట్రీమింగ్‌లో ఆయన పెట్టనివ్వడు కానీ, 2023లో పాత ఆల్బమ్‌లు రికార్డులతో పాటు క్యాసెట్ల మీద కూడా మళ్లీ వేశారు. తోజాయ్‌లైన్ గారు తలుచుకుంటే ఒకటి రాజోలు చేరుతుంది.

తోజాయ్‌లైన్
డిసెంబరులో వస్తున్నాను. తెస్తాను. మాట.

టేపుచుట్ట
మూడు వారాలైంది, చెప్పడానికి వచ్చాను.

బెల్టు మార్చాను. నాలుగుతీగలు చెప్పినట్టు లోపల అంతా తారు, ఒక పూట తుడవడానికే పట్టింది. మొదట వేసినప్పుడు అందరూ పిల్లల గొంతుతో పాడారు, స్పీడు ఎక్కువైంది. మోటారు వెనక చిన్న రంధ్రంలో స్క్రూ ఉంటుందని వీడియోలో చూసి వెంట్రుకవాసి తిప్పాను, సరైంది.

అటక మీది క్యాసెట్లు దించాను. ఒకదాని మీద పేరు లేదు. మొదటి పక్క సినిమా పాటలు. రెండో పక్క కాసేపు ఏమీ లేదు, గరగర. తర్వాత నాన్న గొంతు. మా నాన్నమ్మకి చదువు రాదు, అందుకని మస్కట్ నుంచి ఉత్తరాలకి బదులు టేపులో మాట్లాడి పంపేవారట. "అమ్మా, పడమటి దొడ్లో కొబ్బరికి ఎరువు వేయించావా, కాలు నొప్పి ఎలా ఉంది" అంటున్నారు. వెనక ఏసీ హోరు. ఇంకెవరో గిన్నె తోముతున్న చప్పుడు. మధ్యలో ఒక చోట ఏం మాట్లాడాలో తెలియక ఆగిపోయారు, ఆ ఆగినంతసేపూ టేపు తిరుగుతూనే ఉంది.

నాన్న పక్కనే కూర్చుని విన్నారు. "నా గొంతు ఇంత సన్నగా ఉండేదా?" అన్నారు. మళ్లీ వెనక్కి తిప్పమన్నారు.

మినపట్టు
ఆఫీసులో చదివాను. వాష్‌రూమ్‌కి వెళ్లొచ్చాను.

భీమిలిరోడ్
నాయనా, ముందు దాన్ని ఫోన్లోకో కంప్యూటర్లోకో ఎక్కించి రెండు చోట్ల దాచు. తర్వాత ఎన్నిసార్లయినా వినండి.

టేపుచుట్ట
నిన్ననే ఎక్కించానమ్మా. ఇంకా ఐదు క్యాసెట్లు ఉన్నాయి.

సూటిమాట
మా మేనమామ తెచ్చినది మా అమ్మమ్మగారింట్లో మంచం కింద ఉందట. నాలుగుతీగలూ, మీరు చెప్పిన ఆల్కహాల్ మందుల షాపులో దొరుకుతుందా? దారంతో కొలిస్తే నాది 23 సెంటీమీటర్లు వచ్చింది, ఎంత బెల్టు అడగాలి?